అమెరికాలో ఫుల్ టైమ్ ట్రేడింగ్ చేసే మనోళ్ళకి: టాక్స్ రిటర్న్‌లో మార్క్ టు మార్కెట్ ఎలా చూపించాలి

2022లో మార్కెట్ పడినప్పుడు నా ట్రేడింగ్ అకౌంట్లో 46,000 డాలర్లు పోయాయి. డబ్బులు పోవడం ఒక బాధైతే, 2023 ఫిబ్రవరిలో టాక్స్‌కి కూర్చున్నప్పుడు ఇంకో బాధ, ఎందుకంటే అంత నష్టంలో ఆ ఏడాది లెక్కలోకి వచ్చింది 3,000 మాత్రమే. మిగతా 43,000 ఏడాదికి మూడు వేల చొప్పున కరిగించుకుంటూ పోతే 2037కి అయిపోతుంది, అప్పటికి మా పెద్దాడి పెళ్ళి కూడా అయిపోతుందేమో. గ్రీన్ కార్డ్ వచ్చాక ఉద్యోగం మానేసి, డాలస్‌లో పొద్దున ఎనిమిదిన్నరకి మార్కెట్ తెరిచిన దగ్గర్నుంచి మూడింటి దాకా స్క్రీన్ ముందే కూర్చునేవాణ్ణి, అదే నా పని, అయినా టాక్స్ దగ్గరికొచ్చేసరికి ఫోన్లో నాలుగు షేర్లు కొని మర్చిపోయినవాడూ నేనూ ఒకటే.

తేడా అంతా ఒక్క కాగితంలో ఉంది. దాన్ని సెక్షన్ 475(ఎఫ్) ఎలక్షన్ అంటారు, ఓట్ల ఎలక్షన్ కాదు, నా ట్రేడింగ్‌కి మార్క్ టు మార్కెట్ లెక్క ఎంచుకుంటున్నానని ఐఆర్ఎస్‌కి (టాక్స్ డిపార్ట్‌మెంట్‌కి) ముందే రాసివ్వడం. అది టైముకి ఇచ్చినవాడికి నష్టం మొత్తం ఆర్డినరీ లాస్, అంటే మామూలు వ్యాపార నష్టం లాంటిది అవుతుంది, ఇంట్లో వాళ్ళ జీతం మీద కూడా సర్దుకోవచ్చు. నేను ఇవ్వలేదు, అలాంటిదొకటి ఉందనే నాకు తెలీదు. ఆ తర్వాత ఇచ్చాను, 2023 నుంచి రిటర్న్ నేనే చేసుకుంటున్నా, అందులో ఎక్కడెక్కడ తలనొప్పి వచ్చిందో రాస్తున్నా. నేను సీపీఏని (లైసెన్స్ ఉన్న అకౌంటెంట్‌ని) కాదు, పెద్ద అమౌంట్లు ఉంటే డబ్బులిచ్చి ఒకరికి చూపించుకోండి, కానీ అన్ని సీపీఏ ఆఫీసుల్లోనూ ఇది చేసి ఉండరు. "475 ఎలక్షన్ ఎప్పటిలోగా ఇవ్వాలండీ" అని అడగండి, రిటర్న్ ఫైల్ చేసేటప్పుడు చూద్దాంలే అన్నారంటే ఇంకొకర్ని వెతుక్కోండి.

ముందు సంగతేంటంటే, మామూలుగా షేర్ అమ్మితేనే లాభమో నష్టమో. మార్క్ టు మార్కెట్‌లో మాత్రం డిసెంబర్ 31న మీ దగ్గర అమ్మకుండా ఉన్నవన్నీ ఆ రోజు ధరకి అమ్మేసినట్టు లెక్కేస్తారు, షార్ట్ పొజిషన్లైతే (ముందు అమ్మి తర్వాత కొనేవి) ఆ ధరకి కొనేసి మూసేసినట్టు. లాభమైనా నష్టమైనా ఆర్డినరీయే. 3,000 లిమిట్ ఉండదు, వాష్ సేల్ రూల్ ఉండదు, అంటే నష్టానికి అమ్మి ముప్ఫై రోజుల్లోపు అదే షేర్ మళ్ళీ కొంటే ఆ నష్టం ఇప్పుడు చెల్లదు అనే గొడవ ఉండదు. పోయేదేంటంటే ఆ అకౌంట్లో లాంగ్ టర్మ్ (ఏడాది పైన ఉంచుకుని అమ్మినవాటికి ఇచ్చే) తక్కువ రేటు రాదు, కానీ రోజూ కొని అమ్మేవాడికి లాంగ్ టర్మ్ ఎక్కడిది లెండి.

ఇది ఎవరికిస్తారు అంటే ట్రేడింగ్‌ని వ్యాపారంలా చేసేవాళ్ళకి. ఐఆర్ఎస్ చూసేవి మూడు, రోజువారీ ధరల కదలిక మీద సంపాదించాలని చూడటం (డివిడెండ్ల కోసమో ఏళ్ళ తరబడి పెరుగుతుందనో కాదు), చేసే పని గట్టిగా ఉండటం, ఏడాది పొడుగునా ఆగకుండా చేయడం. ఎన్ని ట్రేడ్లు అని లైన్ గీసి చెప్పలేదు, కోర్టు తీర్పులు చూసి మనమే అర్థం చేసుకోవాలి.

మా బావమరిది న్యూజెర్సీలో ఉంటాడు, నేను ఇదంతా చేస్తున్నానని వాళ్ళక్క ద్వారా తెలిసి ఫోన్ చేశాడు.

"బావా, నేను కూడా ఈ ఏడాది మూడొందల ట్రేడ్లు దాటించా, నాకూ ట్రేడర్ స్టేటస్ వస్తుందిగా?"

"ఎప్పుడు చేశావ్ రా అవన్నీ?"

"ఫిబ్రవరి, మార్చిలో బాగా కొట్టా బావా, తర్వాత ప్రాజెక్ట్ బిజీ అయిపోయింది."

సరిగ్గా వీడి కథే 2004లో టాక్స్ కోర్టులో నడిచింది. ఫుల్ టైమ్ ఇంజనీరు, ఏడాదిలో 323 ట్రేడ్లు, అందులో ఎక్కువ భాగం ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ లోపే, నువ్వు ట్రేడర్‌వి కాదు పొమ్మన్నారు. 2013లో ఇంకో తీర్పులో ఒకాయన ఒక ఏడాది 1,543 ట్రేడ్లు చేశాడు, సంఖ్య సరిపోయిందన్నారు కానీ సగటున ఒక్కో పొజిషన్ ముప్ఫై రోజులు దాటి పట్టుకున్నాడని, మార్కెట్ ఉన్న రోజుల్లో సగం కూడా ట్రేడ్ చేయలేదని ఆయన్నీ కొట్టేశారు. ఇంకోవైపు 2015లో నెలకి సుమారు అరవై ట్రేడ్లు చేసినాయనకి ఇచ్చారు. కాబట్టి లెక్క ఒక్కటే చూసుకుని సంబరపడకండి, రోజులూ హోల్డింగ్ పీరియడూ కూడా చూస్కోండి.

మా బావమరిదికి ఇంకో మాట కూడా చెప్పాను, హెచ్1బీలో ఉన్నవాళ్ళందరికీ అదే చెప్తా. ట్రేడర్ స్టేటస్ తీసుకోవడమంటే "ఇది నా వ్యాపారం" అని గవర్నమెంటుకి రాసిచ్చి షెడ్యూల్ సీ (సొంత వ్యాపారం లెక్క చూపే ఫారం) వేయడం. మీ వీసా మాత్రం స్పాన్సర్ చేసిన కంపెనీ దగ్గర పని చేయడానికి. సొంత డబ్బులు షేర్లలో పెట్టుకోవడం వేరు, అదే నా బిజినెస్ అనడం వేరు. మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా ఈ పని చేయకండి, టాక్స్ మిగుల్తుందని ఆశపడి గ్రీన్ కార్డ్ ఫైల్‌లో కొత్త ప్రశ్న పెట్టుకోకండి.

ఇప్పుడు డేట్. నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఏ ఏడాదికి కావాలో ఆ ఏడాది ఏప్రిల్ 15 లోపే ఎలక్షన్ ఇచ్చేయాలి. 2026 ట్రేడింగ్‌కి కావాలంటే 2026 ఏప్రిల్ 15 ఆఖరు, 2025 రిటర్న్‌తో పాటు, లేదా ఎక్స్‌టెన్షన్ అడిగే ఫారం 4868తో పాటు. ఎక్స్‌టెన్షన్ తీసుకుంటే రిటర్న్‌కి అక్టోబర్ దాకా టైముంది కదా, ఎలక్షన్‌కి కూడా ఉంటుందనుకుంటారు, ఉండదు. ఏడాదిలో మూడున్నర నెలలు గడిచేసరికే, ఈ ఏడాది లాభమో నష్టమో తెలియకముందే, తేల్చుకోవాలన్నమాట. అది కావాలని పెట్టిన రూలే, నష్టం వచ్చాక చూసి ఎంచుకునే అవకాశం ఇవ్వకూడదని. నాకు 2022కి ఆఖరు తేదీ 2022 ఏప్రిల్ 18, నేను తెలుసుకుంది పది నెలల తర్వాత. ఆలస్యంగా ఇచ్చినదాన్ని ఒప్పించుకోవడానికి కోర్టుకెళ్ళినవాళ్ళున్నారు, 2006లో ఒకాయన గెలిచాడు కూడా, ఆయన కేసు చూసి మనకీ వస్తుందనుకుని ఖర్చు పెట్టుకోకండి.

ఎలక్షన్‌కి ప్రత్యేకమైన ఫారం ఏమీ లేదు. తెల్ల కాగితం మీద పేరు, సోషల్ సెక్యూరిటీ నంబర్ రాసి మూడు విషయాలు ఇంగ్లీషులో టైప్ చేస్తే చాలు: సెక్షన్ 475(ఎఫ్) కింద ఎలక్షన్ ఇస్తున్నానని, ఏ టాక్స్ ఇయర్ నుంచి వర్తిస్తుందో, ఏ వ్యాపారానికి ఇస్తున్నానో. మూడోదాంట్లో "సెక్యూరిటీస్‌లో ట్రేడర్‌గా" అని స్పష్టంగా రాయండి, కమోడిటీస్‌కి (ఫ్యూచర్స్ లాంటివాటికి) ఎలక్షన్ విడిగా ఉంటుంది, అది కలిపితే ఏమవుతుందో కింద చెప్తా. నేను 2023 ఏప్రిల్‌లో కాగితం 4868కి పిన్ చేసి పోస్టాఫీసుకెళ్ళి సర్టిఫైడ్ మెయిల్‌లో పంపా, ఆ పచ్చ స్లిప్పు ఇప్పటికీ ఫైల్లో ఉంది. మా ఆవిడ నవ్వింది, ఈ రోజుల్లో పోస్టేంటి అని. రేపెవడైనా నువ్వు టైముకి ఇవ్వలేదు అంటే నా దగ్గర చూపించడానికి ఉన్నది ఆ స్లిప్పే.

ఇక్కడితో అయిపోయిందనుకుని చాలామంది ఆగిపోతారు. ఇంకో సగముంది. అకౌంటింగ్ పద్ధతి మారుస్తున్నాం కాబట్టి ఎలక్షన్ మొదలైన ఏడాది రిటర్న్ వేసేటప్పుడు దానికి ఫారం 3115 జత చేయాలి. నాకైతే 2023 రిటర్న్‌తో, అంటే 2024లో. ఫీజు లేదు, ఆటోమేటిక్ మార్పు కిందకొస్తుంది, అందులో మార్పు నంబర్ 64. సంతకం చేసిన ఇంకో కాపీ ఐఆర్ఎస్‌కి విడిగా పంపాలి, ఎక్కడికో ఆ ఏడాది ఇన్‌స్ట్రక్షన్స్‌లోనే చూసుకోండి, పాత పోస్టుల్లో అడ్రస్ పట్టుకుని పంపేయకండి. ఫారం చూస్తే భయమేస్తుంది, పేజీలకి పేజీలు, కానీ మనకి పట్టేది కొంచెమే. అందులో ముఖ్యమైన అంకె 481(ఎ) అడ్జస్ట్‌మెంట్, అంటే ఎలక్షన్‌కి ముందు డిసెంబర్ 31న తెరిచి ఉన్న పొజిషన్లలో అప్పటిదాకా లెక్కకి రాని లాభమో నష్టమో. నా దగ్గర ఆ రోజు మూడే పొజిషన్లున్నాయి, మొత్తం మీద 1,150 నష్టంలో, అదంతా 2023లోనే పడిపోయింది. నష్టమైతే ఒకే ఏడాదిలో తీసుకుంటారు, లాభమైతే నాలుగేళ్ళకి సమానంగా పంచుతారు, 50,000 లోపైతే ఒకే ఏడాదిలో పెట్టేసుకుంటానని కూడా చెప్పొచ్చు.

సరే, ఇప్పుడు అసలు రిటర్న్. మామూలు ఇన్వెస్టర్ ట్రేడ్లు ఫారం 8949లోకీ షెడ్యూల్ డీలోకీ వెళ్తాయి. మనవి ఫారం 4797 పార్ట్ 2, లైన్ 10లోకి. మొదటి కాలమ్‌లో ట్రేడర్, సీ అటాచ్డ్ అని రాసి, డీ కాలమ్‌లో మొత్తం అమ్మకం, ఎఫ్ కాలమ్‌లో మొత్తం ఖరీదు, జీలో తేడా వేయాలి. ఒక్కో ట్రేడ్ అదే కాలమ్స్ వరసలో ఉన్న లిస్టు జత చేయాలి, అందులో డిసెంబర్ 31న అమ్మినట్టు లెక్కేసిన పొజిషన్లు విడిగా కనపడేలా పెట్టాలి. అక్కడి నుంచి మొత్తం షెడ్యూల్ 1 లైన్ 4కి వెళ్తుంది. సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక, బ్రోకర్ నుంచి 1099-బి (ఏడాది అమ్మకాల లెక్కతో వాడు పంపే కాగితం) ఇంపోర్ట్ చేస్తారా అని అడుగుతుంది, సరే అన్నారంటే మొత్తం తీసుకెళ్ళి 8949లో పోస్తుంది, తర్వాత తీయడానికి ఒక సాయంత్రం పడుతుంది. ఇంపోర్ట్ చేయకుండా 4797లో చేత్తో టోటల్స్ వేసుకోండి.

ఫారం నింపడం పది నిమిషాల పని. అసలు పనంతా ఎక్కడంటే, మీరు మార్క్ టు మార్కెట్ అని బ్రోకర్‌కి తెలీదు. వాడిచ్చే 1099-బిలో డిసెంబర్ 31 అమ్మకాలు ఉండవు, పైగా వాష్ సేల్స్ లెక్కలు పెట్టి ఉంటాడు. అందుకే వాడి కాగితం నుంచి మన అంకెకి మనమే దారి వేసుకోవాలి, ఎక్సెల్‌లో.

ముందు ఏడాది చివర సంగతి. నవంబర్‌లో 500 షేర్లు 40 డాలర్లకి కొన్నారనుకోండి, ఖర్చు 20,000. డిసెంబర్ 31న ధర 34, విలువ 17,000. అమ్మలేదు, అయినా ఆ ఏడాది 3,000 నష్టం చూపించేశారు. ఫిబ్రవరిలో 37కి అమ్మారు, 18,500 వచ్చింది. వచ్చే ఏడాది 1099-బిలో ఏముంటుంది? ఖరీదు 20,000, అమ్మకం 18,500, నష్టం 1,500. అది అలాగే దించేశారంటే మీరు రెండేళ్ళలో కలిపి 4,500 నష్టం చూపించినట్టు, నిజానికి పోయింది 1,500. జనవరి 1 నుంచి ఆ షేర్ల ఖరీదు 17,000 అయిపోయింది, కాబట్టి రెండో ఏడాది రాయాల్సింది 1,500 లాభం. మైనస్ మూడు వేలు, ప్లస్ పదిహేనొందలు, మొత్తం మైనస్ పదిహేనొందలు, సరిపోయింది. లాభంలో ఉన్న పొజిషన్లకి ఇదే తిరగబడి, ఒకే లాభానికి రెండుసార్లు టాక్స్ కట్టేస్తారు, అది ఐఆర్ఎస్ వచ్చి మీకు చెప్పదు.

ఇక వాష్ సేల్. ఇక్కడ నేను మొదటి ఏడాది తప్పు చేయబోయి ఆగా. మనకి వాష్ సేల్ వర్తించదు కదా, 1099-బిలో ఒకటో బాక్సు జీలో ఉన్న చెల్లని నష్టం వదిలేస్తే సరిపోతుందనుకున్నా. సరిపోదు. 10,000కి కొన్నది 9,000కి అమ్మారు, 1,000 నష్టం, వారంలో అదే షేర్ 9,200కి కొన్నారు. బ్రోకర్ ఏం చేస్తాడంటే ఆ వెయ్యి చెల్లదని చూపించి, రెండో లాట్, అంటే రెండోసారి కొన్నదాని ఖరీదుకి కలుపుతాడు, 10,200 అవుతుంది. దాన్ని 9,500కి అమ్మారు, వాడి కాగితంలో 700 నష్టం. నిజం కూడా అదే, వెయ్యి పోయి మూడొందలు వచ్చాయి, నికరం 700. కానీ చెల్లని వెయ్యిని పట్టించుకోకుండా మిగతా అంకెలు అలాగే తీసుకుంటే మొదటి లాట్‌లో 1,000, రెండో దాంట్లో 700, మొత్తం 1,700 నష్టం! చెల్లని నష్టమూ, దానికోసం పెంచిన ఖరీదూ, రెండూ కలిపే తీసేయాలి. అందుకే నేను 1099-బి వదిలేసి బ్రోకర్ సైట్ నుంచి ఒరిజినల్ ట్రేడ్ హిస్టరీ డౌన్‌లోడ్ చేసుకుని లెక్కేస్తా, అమ్మకాల మొత్తం మాత్రం 1099-బితో టాలీ చేసుకుంటా. ఇంకో మంచి విషయం, 475(ఎఫ్) ఎలక్షన్ టైముకి ఇచ్చానని బ్రోకర్‌కి రాతపూర్వకంగా చెప్తే వాష్ సేల్స్ లెక్కకట్టాల్సిన అవసరం వాడికి ఉండదు, రూల్స్‌లోనే ఉంది. అందరూ వెంటనే చేస్తారని కాదు, అడిగి చూడండి.

1099-బిలో అంకె ఒకటి, మన రిటర్న్‌లో 8949 ఖాళీ, ఇది చూసి ఐఆర్ఎస్ కంప్యూటర్ సీపీ2000 నోటీసు (అంకెలు కలవట్లేదని అడిగేది) పంపినా పంపొచ్చు. అందుకే లిస్టు మొదట ఒక పేజీ పెడతా, బ్రోకర్ అమ్మకాల టోటల్, ప్లస్ డిసెంబర్ 31 అమ్మకాలు, ఖరీదులో తేడా ఎందుకొచ్చిందో, ఆఖర్న 4797 అంకె. నాలుగు లైన్లే.

ఖర్చులు షెడ్యూల్ సీలో. డేటా ఫీడ్, చార్టింగ్ సాఫ్ట్‌వేర్, మార్జిన్ వడ్డీ, ట్రేడింగ్‌కి వాడిన కంప్యూటర్. కమీషన్లు ఇక్కడ వేయకండి, అవి ట్రేడ్ ధరలోనే కలిసి ఉంటాయి, రెండుసార్లు పడతాయి. లాభం 4797లో ఉంటుంది కాబట్టి షెడ్యూల్ సీ ఎప్పుడూ నష్టంలోనే కనపడుతుంది, ఆదాయం సున్నా ఖర్చులు ఆరు వేలు అన్నట్టు, చూసేవాడికి అనుమానం రాకుండా ఒక చిన్న నోట్ జత చేస్తా. ట్రేడింగ్ లాభం మీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ లేదు, అది సంతోషమే, కానీ అదే కారణంతో దాని మీద సోలో 401కే (సొంత వ్యాపారం చేసేవాళ్ళ రిటైర్మెంట్ అకౌంట్) కూడా కట్టుకోలేం. ఆదాయం జాయింట్‌గా 250,000 దాటితే 3.8 శాతం ఇన్వెస్ట్‌మెంట్ టాక్స్ మాత్రం పడుతుంది.

నష్టం ఎంతైనా జీతం మీద సర్దుకోవచ్చు అని పైన అన్నాను, దానికీ పైకప్పు ఉంది, 2025కి సింగిల్‌కి 313,000, జాయింట్‌కి 626,000, ఫారం 461లో లెక్క, మిగిలింది తర్వాతి సంవత్సరాలకి పోతుంది. ఆ స్థాయి నష్టం ఎవరికీ రాకూడదు. న్యూజెర్సీ వాళ్ళకి ఇంకో సంగతి, అక్కడ స్టేట్ టాక్స్‌లో ఒక రకం ఆదాయంలో నష్టాన్ని ఇంకో రకం ఆదాయం మీద సర్దుకోనివ్వరు, ఫెడరల్‌లో మిగిలిన ఆనందం స్టేట్ ఫారం దగ్గర ఆవిరైపోతుంది. మాకు టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్సే లేదు కాబట్టి నాకా బాధ తెలీదు, బావమరిది తిట్టుకుంటుంటే విన్నా.

కలిపేయకూడనివి కొన్ని. ఎస్‌పీఎక్స్ (ఎస్ అండ్ పీ 500) లాంటి పెద్ద ఇండెక్స్ ఆప్షన్లూ ఫ్యూచర్సూ సెక్షన్ 1256 కిందకొస్తాయి, 60 శాతం లాంగ్ టర్మ్ 40 శాతం షార్ట్ టర్మ్, ఫారం 6781. సెక్యూరిటీస్‌కి మాత్రమే ఎలక్షన్ ఇస్తే ఆ 60/40 మీ దగ్గరే ఉంటుంది, అందుకే ఆ కాగితంలో కమోడిటీస్ అనే మాట అలవాటుగా రాసేయొద్దన్నది. ఏళ్ళ తరబడి ఉంచుకునే షేర్లు వేరే అకౌంట్లో పెట్టండి, ఇవి ఇన్వెస్ట్‌మెంట్ అని కొన్న రోజే రికార్డులో ఉండాలి, లేకపోతే పదేళ్ళుగా పెరిగిన షేర్ కూడా డిసెంబర్ 31న అమ్మినట్టు లెక్కలోకి రావచ్చు. పాత కాపిటల్ లాస్ కూడా పాతదే, నా 43,000 ఇప్పటి ట్రేడింగ్ లాభం మీద సర్దుకోదు, ఏడాదికి ఆ మూడు వేలు కాక, ఆ ఇన్వెస్ట్‌మెంట్ అకౌంట్లో లాభానికి అమ్మినప్పుడే ఇంకాస్త తగ్గుతోంది. ఇక ఇండియాలో మ్యూచువల్ ఫండ్లున్నవాళ్ళకి "మార్క్ టు మార్కెట్ ఎలక్షన్" అని ఎవరైనా చెప్తే అది సెక్షన్ 1296, ఫారం 8621, పేరొకటే కానీ దీనికీ దానికీ సంబంధం లేదు. మా గ్రూప్‌లో ఒకాయన ఈ రెండూ ఒకటనుకుని 8621 వేయనేలేదు.

డిసెంబర్ 31 సాయంత్రం అందరూ పార్టీకి రెడీ అవుతుంటే నేను ఒక పావుగంట కూర్చుంటా. తెరిచి ఉన్న ప్రతి పొజిషన్, ఎన్ని, ఏ ధరకి కొన్నా, క్లోజింగ్ ధర ఎంత, స్క్రీన్‌షాట్ తీసి ఎక్సెల్‌లో పెట్టి, బ్రోకర్ నెలాఖరు స్టేట్‌మెంట్ రాగానే దాంతో సరిచూస్తా. ఆ షీట్‌నే కాపీ చేసి పేరు మార్చి, క్లోజింగ్ ధర కాలమ్‌ని ఖరీదు కాలమ్‌లోకి తెచ్చి, కొత్త ఏడాది ఫైల్ మొదలుపెడతా.